ఆఖరి స్టాపు హోటళ్ళు

మేడ మీద గది,
ఆదివారం మధ్యాహ్నం.

వదినగారికి నమస్కారాలు.

ఫోన్ చేయకుండా మళ్ళీ ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నారేమో. మీ ఇంటికి ఫోన్ చేస్తే అన్నయ్యగారు తీస్తారు. వానల గురించీ, మోకాళ్ళ గురించీ, మీ కళ్ళద్దాల షాపుకు వచ్చే చిత్రమైన మనుషుల గురించీ చెప్పి చెప్పి, "ఇదిగో మీ వదిన" అని మీ చేతికిచ్చేసరికి నా చెవి వేడెక్కిపోయి ఉంటుంది. ఉత్తరమైతే ఆయన మధ్యలో దూరలేరు.

అసలు సంగతికి వస్తాను. ఈసారి మీరొచ్చినప్పుడు తీసుకెళ్ళడానికి కొత్త హోటల్ ఒకటి కనిపెట్టాను. మీ అమ్మాయి మా ఇంటికొచ్చినప్పుడు అందరూ నాకు మంచి కోడలు దొరికిందన్నారు. నిజమే. కానీ పరాయి దేశపు వంట ఏది ముందు పెట్టినా మొహం చిట్లించకుండా చెయ్యి పెట్టే వియ్యపురాలు దొరకడం అంతకంటే గొప్ప విషయమని నేను ఎవరితోనూ అనలేదు.

నా పద్ధతి మీకు తెలిసిందే. బస్సుల ఆఫీసులో నా ఉద్యోగమంతా టైమ్‌టేబుళ్ళు వేయడంతోనే గడిచింది. రిటైరయ్యాక ఇచ్చిన పాసు ఎప్పుడూ చేతిసంచిలోనే ఉంటుంది. ఏదో ఒక బస్సెక్కుతాను, ఆఖరి స్టాపుదాకా దిగను. ఊరి నడిబొడ్డున అద్దాల తలుపుల హోటళ్ళలో అన్ని దేశాల వంటా ఒకే రుచిగా ఉంటుంది. దూరదేశాల నుంచి బతకడానికి వచ్చినవాళ్ళు ఊరి అంచున కాపురాలు పెడతారు, వాళ్ళ అసలు వంట కూడా అక్కడే దొరుకుతుంది. బస్సు దిగి చుట్టూ చూడాలి. ఏ హోటల్లో వాళ్ళ ముసలివాళ్ళు మనవలతో కలిసి తింటున్నారో అందులోకి వెళ్ళాలి. గోడ నిండా వంటల ఫొటోలు అంటించి ఉంటే వెనక్కి తిరగాలి. వంట చేసిన మనిషి ఓసారి బయటికొచ్చి మన పళ్ళెంలోకి తొంగి చూసిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఈ కొత్తది టైర్ల దుకాణానికీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంది. బోర్డు మీది లిపి నాకు రాదు కాబట్టి "టైర్ల హోటల్" అని నేనే పేరు పెట్టాను. ఎక్కడో కొండదేశం వాళ్ళు. పులిసిన పిండితో తువ్వాలంత వెడల్పు రొట్టె కాల్చి పళ్ళెంలో పరుస్తారు. దాని మీదే పప్పులూ ఆకుకూరలూ కుప్పలు పోస్తారు. ఆ పులుపు ముందు నాలుకను గిల్లుతుంది, తరవాత బుజ్జగిస్తుంది. నేను ఒక్కదాన్నే కూర్చున్నానని ఆ ఇంటావిడ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. అయినా తిన్నంతసేపూ కబుర్లాడుకున్నాం.

పిల్లలిద్దరూ కులాసా. మొన్న వచ్చి వెళ్ళారు. మీ ప్రయాణం ఎప్పుడో రాయండి.

మీ వదిన

*

కళ్ళద్దాల షాపు, వెనక గది,
బుధవారం.

వదినగారికి,

ఉత్తరం ఆయన కంట పడనే పడింది. "చదువు, చదువు" అని వెంటపడితే తిండి భాగం మాత్రం పైకి చదివాను. "తువ్వాలంత రొట్టా! అది తినేశాక మూతి దేంతో తుడుచుకుంటారట?" అని పొద్దుటి నుంచీ షాపుకు వచ్చిన ప్రతివాళ్ళనీ అడుగుతున్నారు.

ఇప్పట్లో ప్రయాణం కుదరదు వదినా. స్కూళ్ళు తెరిచే రోజులు. పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరంతా మా షాపు ముందే ఉంది. ఆయన మాటల్లో పడితే ఒకరి అద్దాలు ఇంకొకరి ఫ్రేములో బిగిస్తారు. నేను దగ్గర లేకపోతే ఈ ఊళ్ళో ఒకరి కళ్ళతో ఒకరు చూడాల్సి వస్తుంది.

అమ్మాయి ఫోన్ చేస్తూనే ఉంది. క్లినిక్కులో పని ఎక్కువని గొంతు కాస్త అలిసినట్టుంటుంది, అంతే. మీ దగ్గరికి వచ్చినప్పుడు ఎలా ఉంది? బాగా తింటోందా? ఊరికే అడుగుతున్నాను. పళ్ళ డాక్టర్లకు నడుంనొప్పి ఎక్కువని ఎవరో అన్నారు.

అల్లుడుగారిని అడిగానని చెప్పండి. బిల్డింగుల ప్లాన్లు గీసే మనిషికి అంత నెమ్మది ఉండాల్సిందే. మీ అబ్బాయి ఉన్న ఇంట్లో గడియారం చప్పుడు వినిపిస్తుంది. మా ఇంట్లో గడియారం ఉందన్న సంగతే మేం మరిచిపోయాం.

మీ వదిన

*

మేడ మీద గది,
శనివారం.

వదినగారికి,

ఇంకో హోటల్ చూశాను. సిమెంటు గోడౌన్ల వైపు వెళ్ళే బస్సు ఆఖరి స్టాపు. సముద్రంలో దీవుల నుంచి వచ్చినవాళ్ళది. చేపకు ఏవో ఆకులూ కారమూ పట్టించి, పెద్ద ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. విప్పగానే వచ్చే వాసనకు కళ్ళు మూసుకోవాలనిపిస్తుంది. జనం బాగా ఉన్నారు. ఒక బల్ల వాళ్ళు ఇంకో బల్ల వాళ్ళతో అరుచుకుంటూ మాట్లాడుకుంటారు.

నేను సగం తిని లేచాను.

ఇంకేం విశేషాలు లేవు. ఆరోగ్యం జాగ్రత్త.

మీ వదిన

*

కళ్ళద్దాల షాపు, వెనక గది,
మంగళవారం.

వదినగారికి,

మీరు కంచంలో సగం వదిలేసి లేవడం నేను ఎన్నడూ చూడలేదు. పిల్లల గురించి ఒక్క ముక్కయినా లేని ఉత్తరం మీ దగ్గర్నుంచి ఇదే మొదటిది. ఆ కాగితాన్ని ఒకటికి నాలుగుసార్లు చదివాను. మీకు తెలిసిపోయింది, అవునా?

నాకూ తెలుసు. వేసవి ముందే అమ్మాయి ఫోన్లో చెప్పింది, విడిపోవాలనుకుంటున్నానని. "అత్తయ్యకు చెప్పకు అమ్మా, బాధపడుతుంది" అంది. అందుకే మీతో అనలేదు. ఆయనకు కూడా చెప్పలేదు. చెబితే సాయంత్రానికి ఊరందరికీ తెలుస్తుంది.

వదినా, కారణమేమిటని అడిగాను. తాగుతాడా అంటే లేదంది. తిడతాడా, చెయ్యి చేసుకుంటాడా, ఇంకెవరైనా ఉన్నారా అంటే అన్నిటికీ లేదనే అంది. మరేమిటే అంటే, "మాట్లాడడమ్మా" అంది. నాకు నవ్వొచ్చింది. తప్పే, కానీ నవ్వాను. మొగుడు నోరు మూసుకుంటే చాలు దేవుడా అని మొక్కుకున్న రోజులున్నాయి నాకు. దీనికి విడాకులా? వింటే నలుగురూ ఏమనుకుంటారు?

నా మాట అది వినదు. మీరంటే దానికి గురి. పిలిచి కూర్చోబెట్టి చెప్పండి. సర్దుకుపొమ్మనండి. ఓ బిడ్డ పుడితే ఇల్లు దానంతటదే చప్పుడవుతుందనండి. మీ చేతుల్లో పెడుతున్నాను.

మీ వదిన

*

మేడ మీద గది,
ఆదివారం.

వదినగారికి,

ఆ రోజు సిమెంటు గోడౌన్ల దగ్గరి హోటల్లో నేను చూసింది మీ అమ్మాయినే. మూల బల్ల దగ్గర ఒక్కతే కూర్చుంది. తెల్లకోటు మడిచి పక్క కుర్చీలో పెట్టుకుంది. చెయ్యి కంచంలో ఉంది, చూపంతా పక్క బల్ల వాళ్ళ మీద. నేను వెళ్ళి ఎదురుగా కూర్చునేదాకా గమనించలేదు.

"అత్తయ్యా! మీరిక్కడా?"

"నేనెక్కడైనా ఉంటాను గానీ నువ్వేంటే? క్లినిక్కు లేదా?"

"మధ్యాహ్నం ఎవరికీ టైమివ్వలేదు. అప్పుడప్పుడు ఇలా వస్తుంటాను."

"ఇంత దూరమా? చేప కోసమా?"

తల అడ్డంగా ఊపింది. "వినడానికొస్తాను. చూడండి, వీళ్ళు ఎలా మాట్లాడుకుంటారో. ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఇక్కడ కూర్చుంటే అన్నం సయిస్తుంది."

తరవాత నేనేమీ అడగకుండానే చెప్పింది. "రోజంతా నోరు తెరిచి మాట్లాడలేనివాళ్ళతో పని నాది. ఇంటికెళ్తే నోరు తెరవని మనిషి. మొదట్లో ఇద్దరి మాటలూ నేనే మాట్లాడేదాన్ని అత్తయ్యా. నేను మానేస్తే ఆయన మొదలుపెడతారేమోనని ఓసారి మానేసి చూశాను. వారం గడిచినా నేను మాట్లాడట్లేదని ఆయనకు తెలియలేదు."

"ఇలా ఇక్కడికొస్తున్నానని అమ్మకు చెప్పొద్దు, మళ్ళీ నవ్వుతుంది" అని కూడా అంది. అందుకే మీకు రాయలేదు.

వదినా, నేనెందుకు సగం తిని లేచానో ఇప్పుడు చెబుతాను. మా ఆయన పోయాక ఊసుపోక ఈ హోటళ్ళ తిరుగుడు మొదలుపెట్టానని మీరనుకుంటారు. అందరూ అలాగే అనుకుంటారు. కాదు. ఆయన బతికుండగానే మొదలుపెట్టాను. ఆయన చెడ్డవారు కాదు. గుమ్మం లోపలికొస్తే మాత్రం మాట బయట విడిచి వచ్చినట్టుండేది. అన్నం వడ్డించానంటే తల ఊపేవారు. జ్వరమొచ్చిందంటే మందు తెచ్చి బల్ల మీద పెట్టేవారు. ఓ రోజు ఆఫీసు నుంచి వస్తూ మా ఇంటి స్టాపు వచ్చినా దిగబుద్ధి కాలేదు. బస్సు ఆగిపోయేదాకా కూర్చున్నాను. దిగితే ఎదురుగా ఓ చిన్న హోటల్, లోపల ఏదో భాషలో గోలగోలగా జనం. వెళ్ళి వాళ్ళ మధ్యన కూర్చున్నాను. మీకు నేను రాసిన రుచులన్నీ నిజమే. మొదటిసారి వెళ్ళింది మాత్రం రుచి కోసం కాదు.

నేను కూర్చున్నట్టే మీ అమ్మాయి కూర్చుని ఉంది. అది చూశాక ముద్ద దిగలేదు.

మీరు చెప్పమన్నది కోడలికి చెప్పలేదు. కొడుకునే పిలిచి భోజనం పెట్టాను.

"అమ్మాయి వెళ్ళిపోతానంటోందిరా."

"తెలుసు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"ఎందుకురా?"

ముద్ద కలుపుతున్నవాడు తలెత్తాడు. "ఏమనాలమ్మా?" అన్నాడు.

ఎగతాళికి కాదు. నిజంగా తెలియక అడిగాడు. నా దగ్గరా జవాబు లేదు. ఎలా ఉంటుంది? వాడు పెరిగిన ఇంట్లో ఆ మాటలు ఎవరూ అనగా వాడు వినలేదు.

సర్దుకుపొమ్మని ఆ పిల్లతో నేను అనలేను. సర్దుకుపోతే ఏమవుతుందో నాకు తెలుసు. బిడ్డ పుడితే ఇల్లు చప్పుడవుతుందన్నారు. నాకూ పుట్టాడు. వెళ్ళనివ్వండి వదినా.

మీ వదిన

*

కళ్ళద్దాల షాపు,
గురువారం.

అబ్బాయి తల్లిగారికి,

మీ ఉత్తరం అందింది.

మీ చేతుల్లో పెట్టానని రాశాను. మీరు చేతులు దులుపుకున్నారు. కోడల్ని పంపించేయమని ఏ అత్తగారైనా అంటే లోకం ఆమెను గయ్యాళి అంటుంది. మీరు అదే పని కన్నీళ్ళతో చేస్తున్నారు, తేడా అంతే. మీరు ఆ ఇంట్లో ఉండి మీ జీవితం మీరు గడుపుకున్నారు కదా. కొడుకును పెంచుకున్నారు, ఉద్యోగం చేసుకున్నారు, నచ్చినచోట తిన్నారు. నా కూతురికి అంతమాత్రం కూడా చేతకాదా?

రేపు దాన్ని చూసి ఎవరైనా ఏమైందని అడిగితే "మాట్లాడలేదట" అని చెప్పాలా నేను? ఎవరు నమ్ముతారు? ఏదో దాస్తున్నామనుకుంటారు.

మీ హోటళ్ళ కబుర్లు ఇక నాకు రాయకండి.

అమ్మాయి తల్లి

*

మేడ మీద గది,
సోమవారం.

వదినగారికి,

రాయొద్దన్నారు. ఇది హోటల్ కబురు కాదు, మీ అమ్మాయి క్షేమం. అది రాయకుండా ఉండలేను.

క్లినిక్కు మీద ఓ గది ఖాళీగా ఉంటే అందులోకి మారింది. సామాను సర్దేటప్పుడు నేను వెళ్ళాను. కిటికీ రోడ్డు వైపు ఉంది, వెలుతురు బాగా వస్తుంది. గ్యాసు పొయ్యి కొత్తది. తలుపు గడియ సరిగ్గా పడకపోతే మనిషిని పిలిపించి బిగించాను. పాత్రలు మోసింది మా వాడే. మెట్లెక్కి దింపడం, మళ్ళీ దిగడం, ఒక్క మాట లేదు. చివరి పెట్టె పెట్టాక గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. ఆమె "వెళ్ళండి, లేటవుతుంది" అంది. వెళ్ళాడు.

విడాకుల కాగితాల మీద ఇద్దరూ ఇష్టపూర్వకంగానే సంతకాలు పెట్టారు. కోర్టు వాయిదా వచ్చాక రాస్తాను.

మీరు తిట్టినందుకు నాకు కోపం లేదు. తల్లికి కోపం రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

మీ వదిన

*

ఇంటి వంటగది,
శుక్రవారం ఉదయం.

పైన ఏమని రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. ఉన్న నాలుగు రోజులూ దానికి నచ్చచెప్పాలని నేను మాటలన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నాను. వచ్చిన రోజు భోజనాల దగ్గర ఆయన మామూలుగానే మాట అందుకున్నారు. రైల్లో ఎవరు కలిశారు, క్లినిక్కులో ఎవరి పన్ను పీకావు, ఎంత ఏడ్చాడు. అది తల ఊపుతోంది. అన్నిటికీ తల ఊపడమే.

అది ఎలాంటి పిల్లో మీరెరుగుదురు. బళ్ళో టీచర్లు దాన్ని "రేడియో" అనేవాళ్ళు. తండ్రీకూతుళ్ళు ఒకరి మాట మీద ఒకరు పడి పోట్లాడుకునేవాళ్ళు, "నాకో ముక్క చెప్పనివ్వవే" అని ఆయనే బతిమాలేవారు.

పులుసులో ఉప్పు తగ్గింది. దానికి ఉప్పు కావాలి. గిన్నె ఆయన పక్కనుంది. అది అడగలేదు వదినా. గిన్నె వైపు వేలు చూపించింది. ఎవరూ చూడకపోతే చెయ్యి కిందికి దించేసి అలాగే తినడం మొదలుపెట్టింది.

నేను లేచి వంటగదిలోకి వచ్చేశాను. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

ఆయన వెనకే వచ్చారు. "ఏమైందే దీనికి?" అన్నారు. అప్పుడు చెప్పాను, అంతా. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనకు మాట దొరకకపోవడం నేను చూడడం అదే. కాసేపటికి "నా కూతురు ఉప్పు అడగడం మరిచిపోయిందే" అన్నారు.

మీరు నా కంటే ముందు చూశారు. నేను నవ్వాను, మీరు చూశారు. అంతకంటే ఏం రాయను?

వాయిదాకు నేను వస్తున్నాను. నేనొక్కదాన్నే వస్తాను, ఆయన వస్తే జడ్జిగారికి సందు దొరకదు. మీరూ వస్తారా? రావాలని నా కోరిక.

*

మేడ మీద గది,
మంగళవారం.

వదినగారికి,

మీరు పైన ఏమీ రాయకపోతే పోనీండి. నాకు ఇంకో పిలుపు చేతకాదు.

వస్తాను. అమ్మాయి వైపు కూర్చోవాలా అబ్బాయి వైపా అని రెండు రోజులు ఆలోచించాను. మీ పక్కన కూర్చుంటాను. కోర్టు బెంచీలు గట్టివట, పిలిచేదాకా చాలాసేపు కూర్చోబెడతారట. మంచినీళ్ళు నేను తెస్తాను.

ఇంకో మాట, హోటళ్ళ కబుర్లు రాయొద్దన్నారు కాబట్టి భయపడుతూ రాస్తున్నాను. అలాంటి రోజున కూడా మనుషులకు ఆకలేస్తుంది. ఎవరూ తిండి మాట ఎత్తరు, సాయంత్రానికి కళ్ళు తిరుగుతాయి. కోర్టు వెనక వీధిలో ఓ చిన్న హోటల్ ఉంది. పిండిని రెండు చేతులతో సాగదీసి, బల్లకేసి కొట్టి, దారాలు దారాలుగా చేసి వేడి చారులో వేసిస్తాడు ఓ పెద్దాయన. గిన్నెలోంచి ఆవిరి బాగా వస్తుంది. మొహం దాచుకోవాలనుకున్నవాళ్ళకు అది చాలు. పిల్లలు వస్తే వస్తారు, లేకపోతే మనిద్దరం వెళదాం.

మీ వదిన

*

కళ్ళద్దాల షాపు, వెనక గది,
ఆదివారం.

వదినా,

నిన్న మధ్యాహ్నం దాకా జరిగింది రాయను, మీరూ పక్కనే ఉన్నారు. ఆ చారు గిన్నెల ముందు నలుగురం కూర్చున్నది నేను మరవను. ఎవరం మాట్లాడుకోలేదు గానీ అందరం తిన్నాం.

మీరు అమ్మాయిని గదికి తీసుకెళ్ళాక మీ అబ్బాయి నన్ను స్టేషనులో దింపడానికి వచ్చాడు కదా. ఆ తరవాతిది మీకు తెలియాలి. సంచి పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. రైలు ఆలస్యమన్నారు. నేను వెళ్ళమన్నా వెళ్ళలేదు. కాళ్ళకేసి చూస్తూ ఉన్నట్టుండి అన్నాడు:

"అత్తయ్యా, తను మాట్లాడుతుంటే వినడం నాకు ఇష్టం. వింటున్నానని తనకు తెలుసనుకున్నాను."

"నాకు చెప్పి ఏం లాభం బాబూ? ఆ పిల్లకు చెప్పాల్సింది" అన్నాను.

"చెప్పాను. పొద్దున, కోర్టు మెట్ల మీద."

"ఏమంది?"

"విన్నాను అంది."

అంతే. అది తిరిగి వస్తుందేమోనన్న ఆశ నాకు లేదు, వాడికీ ఉన్నట్టు లేదు. ఆలస్యమైన మాట ఆలస్యమైనదే. కానీ ఆ మాట పుట్టడానికి వాడెంత కష్టపడ్డాడో వాడి మొహం చూస్తే తెలిసింది. వాడి మీద దాచుకున్న కోపం నా దగ్గర ఇంకా చాలా ఉంది. అక్కడ దాన్ని బయటికి తీయలేకపోయాను.

రైలు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "చేరాక ఫోన్ చేయండి" అన్నాడు.

వచ్చే నెల షాపుకు పని తగ్గుతుంది. వస్తాను. ఇన్నాళ్ళూ పిల్లల్ని చూసే వంకతో మీ దగ్గరికి వచ్చేదాన్ని. ఈసారి వంక అక్కర్లేదు. స్టేషనుకు మీరే రండి.

ఇంటికి చేరగానే వాడికి ఫోన్ చేశాను. తీశాడు. "చేరాను బాబూ" అన్నాను. "ఆ" అన్నాడు. తరవాత ఏమీ లేదు. ఇదివరకైతే సరేనని పెట్టేసేదాన్ని. నిన్న పెట్టలేదు. ఆయన పక్కనుంచి ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాను. ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను. వాడు ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది, ఒకటి రెండుసార్లు ఏదో మొదలుపెట్టి ఆగినట్టు కూడా వినిపించింది. నేను ఆగాను. చాలాసేపటికి అడిగాడు వదినా, మీ అబ్బాయి:

"భోంచేశారా అత్తయ్యా?"

మీ వదిన